పాయింట్ ఎటుంది?

ఖరగ్‌పూర్ స్టేషన్ దాటి టాటానగర్ వైపు బండి కదిలిన కాసేపటికి పట్టాలు రెండు నాలుగై, నాలుగు పదై చూపు ఆనినంత మేరా పరుచుకుంటాయి. అదే నిమ్‌పురా యార్డు. ఇనుప ఖనిజం, బొగ్గు, ఉక్కు మోసుకొచ్చే గూడ్సుబళ్లు ఇక్కడ ఆగి, విడిపోయి, మళ్లీ జతకట్టి, హౌరా వైపో హల్దియా వైపో బాలాసోర్ వైపో వెళ్తాయి. ఒక లైను మీద వచ్చిన బండి పక్క లైనుకి మారాలంటే మధ్యలో ఎక్కడో పట్టా కదలాలి. కదిలే ఆ చోటుని మేం పాయింట్ అంటాం. కొన సన్నగా చెక్కిన రెండు పట్టాలుంటాయి, టంగ్ రైళ్లని పేరు. రెండూ కలిసి ఒక పక్కకి జరిగినప్పుడు వాటిలో ఒకటి, కదలకుండా ఉండే స్టాక్ రైలుకి అతుక్కుంటుంది. ఇది అతుక్కుంటే బండి ఒక దారి పడుతుంది, అది అతుక్కుంటే ఇంకో దారి. బ్రాడ్‌గేజ్‌లో టంగ్ జరగాల్సిన దూరం 115 మిల్లీమీటర్లు. జానెడు కూడా లేదు. నా ఉద్యోగమంతా ఆ జానెడు లోపు దూరం చుట్టూనే గడిచింది.

పట్టాని కదపడం ఏనాడూ పెద్ద కష్టం కాలేదు. గట్టి చెయ్యో మంచి మోటారో ఉంటే అది కదులుతుంది. కష్టమల్లా కదిపినవాడు ఒకచోట, పట్టా ఇంకోచోట ఉండటంలో ఉంది. కదలమన్నాం కదా, కదిలే ఉంటుందిలే అనుకుని సిగ్నల్ ఇచ్చేస్తే ఆ నమ్మకం మీద వెయ్యి మంది ప్రయాణం చేస్తారు. అందుకే పట్టా ఎక్కడుందో పట్టానే అడగాలి. నిమ్‌పురాలో మూడు తరాలుగా నేను చూసిన, విన్న సిగ్నల్ పని చరిత్ర ఆ ప్రశ్న అడిగే పద్ధతి ఎలా మారుతూ వచ్చిందన్నదే.

మా తాత ఆమదాలవలస దగ్గరి పల్లె నుంచి వచ్చాడు. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామంది అటు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచే వచ్చారు. దానికి కారణం పట్టాలోనే ఉంది. 1887లో మొదలైన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, మన నోట బీఎన్నార్, 1899 జనవరిలో ఖరగ్‌పూర్ నుంచి కటక్ దాకా లైను తెరిచింది. 1900లో కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది మీద వంతెన పూర్తయి హౌరాకి దారి పడింది. ఆ తరవాత 1902లో ఈస్ట్‌కోస్ట్ లైనులో వాల్తేరు నుంచి కటక్ వరకూ ఉన్న భాగం కూడా బీఎన్నార్ చేతికొచ్చింది. అంతటితో వాల్తేరులో బండెక్కినవాడు కంపెనీ మారకుండా ఖరగ్‌పూర్‌లో దిగొచ్చు. 1904 నాటికి ఇక్కడ వర్క్‌షాపు నడుస్తోంది. వానలు పడని ఏట పల్లెల్లో ఏం తినాలో తెలియని కుర్రాళ్లకి ఈ ఊరి పేరు నోటి నుంచి నోటికి పాకింది. ఒకడొచ్చి ఖలాసీగా చేరితే మరుసటేడు బావమరిదిని పిలిపించుకునేవాడు. నిమ్‌పురా, మథురాకాఠీ రైల్వే క్వార్టర్లలో తెలుగు అలా స్థిరపడింది. ఎండాకాలం రాగానే అమ్మవారి పండగ, డప్పులు, పసుపు నీళ్లు. గోల్‌బజార్‌లో కూరగాయల బేరం మాత్రం హిందీలోనో బెంగాలీలోనో. 1927లో వర్క్‌షాపులో పెద్ద సమ్మెలు జరిగినప్పుడు బీఎన్నార్ కార్మికుల తరఫున నిలబడ్డవాళ్లలో ముందున్నది మన వి.వి.గిరి. బరంపురంలో పుట్టిన తెలుగువాడు, తరవాత రాష్ట్రపతి అయ్యాడు. ఆయన పేరు మా తాత నోట ఎప్పుడూ 'గిరిబాబు' అనే వచ్చేది.

తాత వర్క్‌షాపులోనే ఉండిపోయాడు. మా అయ్య క్యాబిన్‌లో లివర్‌మేన్. సిగ్నల్ పని మా ఇంట్లోకి వచ్చింది ఆయనతోనే.

క్యాబిన్ అంటే పట్టాల పక్కన ఎత్తుగా కట్టిన మేడ గది. మూడు పక్కలా అద్దాలు. లోపల వరసగా లివర్లు. ప్రతిదానికీ నంబరు, రంగు. పాయింట్ లివర్ నల్లది, దానికి తాళం వేసే లాక్ లివర్ నీలం, సిగ్నల్ లివర్ ఎరుపు. కింది అంతస్తులో లివర్లన్నిటినీ ఒకదానికొకటి బిగించే ఇనుప పలకలుంటాయి. పాయింట్ సరిగా పెట్టందే సిగ్నల్ లివర్ రాదు. సిగ్నల్ ఇచ్చాక పాయింట్ లివర్ కదలదు. దీని పేరు ఇంటర్‌లాకింగ్. ఇంగ్లండులో జాన్ సాక్స్‌బీ 1856లో పేటెంటు తీసుకున్న ఆలోచన ఇది. ఆయన పేరుతో నడిచిన సాక్స్‌బీ అండ్ ఫార్మర్ కంపెనీ కలకత్తాలోనూ పని చేసింది. మా అయ్యకి ఆ పేటెంటు సంగతులేవీ తెలియవు. లివర్ మీద పోత పోసిన అక్షరాలు మాత్రం తెలుసు, రోజూ గుడ్డతో తుడిచేవాడు కాబట్టి. లివర్‌ని చేత్తో ముట్టుకోకూడదు, చెమటకి తుప్పు పడుతుంది. గుడ్డతోనే పట్టుకోవాలి. ఆ గుడ్డ మా అమ్మ పాత చీరలోది.

లివర్ లాగితే కింద నుంచి ఇనుప గొట్టాల వరస కదులుతుంది. దాన్ని రాడ్డింగ్ అంటారు. కప్పీల మీద జారుకుంటూ, మూల తిరిగే చోట క్రాంకు సాయంతో మళ్లుతూ, పాయింట్ దాకా వెళ్తుంది. ఇక్కడే అసలు చిక్కు. ఖరగ్‌పూర్ ఎర్ర మురం నేల ఊరు. మే నెల మధ్యాహ్నం ఇనుము మీద చెయ్యి ఆనించలేం. తెల్లవారుజాముకి అదే ఇనుము చల్లబడుతుంది. ఒక మీటరు ఉక్కు ఒక్క డిగ్రీ వేడికి మీటరులో లక్షో వంతుకి కాస్త ఎక్కువగా సాగుతుంది. తేడా 30 డిగ్రీలు, రాడ్డింగ్ పొడవు 300 మీటర్లు అనుకోండి. లెక్క వేస్తే ఇంచుమించు 10 సెంటీమీటర్లు వస్తుంది. టంగ్ కదలాల్సింది 11.5 సెంటీమీటర్లే కదా! అంటే ఎవరూ లివర్ ముట్టుకోకుండానే ఎండ ఒక్కటే పాయింట్‌ని ఒక పక్క నుంచి రెండో పక్కకి దాదాపు తోసెయ్యగలదు.

దీనికి పాతవాళ్లు కనిపెట్టిన ఉపాయం ఇప్పటికీ నాకు ముచ్చటేస్తుంది. రాడ్డింగ్ మధ్యలో కంపెన్సేటర్ అని ఒక జత క్రాంకులు పెడతారు. దానికి ఇవతల రాడ్డు ముందుకి తోస్తే అవతల రాడ్డు వెనక్కి లాగుతుంది. ఎండకి ఇవతలి సగం ఎంత సాగిందో అవతలి సగం అంతే సాగి, రెండూ కొట్టేసుకుంటాయి. కొనలో టంగ్ ఉన్నచోటే ఉంటుంది. కరెంటు లేదు, కొలత యంత్రం లేదు. ఇనుమే ఇనుముకి సర్దిచెప్పుకుంటుంది.

అయినా ఆ ఏర్పాటునీ పూర్తిగా నమ్మలేదు వాళ్లు. సిగ్నల్‌ని దించే తీగ క్యాబిన్ నుంచి నేరుగా సిగ్నల్ స్తంభానికి పోదు. పాయింట్ పక్కన ఒక ఇనుప పెట్టె గుండా పోతుంది. దాని పేరు డిటెక్టర్. అందులో టంగ్ రైలుకి కట్టిన పలక ఒకటి, సిగ్నల్ తీగకి కట్టిన పలక ఒకటి, ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. రెంటికీ గాడి కోసి ఉంటుంది. టంగ్ పూర్తిగా అతుక్కుంటేనే ఆ గాడులు ఎదురెదురుగా వస్తాయి, అప్పుడే తీగ కదులుతుంది. టంగ్ కొంచెం ఎడంగా ఉంటే, క్యాబిన్‌లో ఇద్దరు మనుషులు లివర్‌కి వేళ్లాడినా సిగ్నల్ పడదు. లివర్ చెప్పిన మాట కాదు, టంగ్ చెప్పిన మాట సిగ్నల్ వింటుంది. ఇంజనీరింగ్ చదివిన పిల్లలు ఫీడ్‌బ్యాక్ అని గొప్పగా చెప్పేది ఈ రెండు గాడులే.

క్యాబిన్‌లోకి కొత్తగా వచ్చిన కుర్రాడికి మా అయ్య చెప్పిన మాట నాకు ఇంకా వినపడుతుంది: "లివర్ పడిపోనాది కదా అని కూకోకురా బాబూ. టంగు అతికిందో నేదో ఎల్లి సూసిరా." క్యాబిన్ మెట్లు దిగి, ఎండలో అంత దూరం నడిచి, కూర్చుని చూసి, తిరిగొచ్చి చెప్పాలి. ఆ కుర్రాడికి అది శిక్షలా ఉండేది.

రాడ్డింగ్‌కి కొన్ని వందల గజాలే హద్దు. అంతకంటే దూరమైతే మనిషి బలం చాలదు, రాపిడి తినేస్తుంది. కాబట్టి యార్డు పెద్దదయ్యేకొద్దీ క్యాబిన్లు పెరగాలి, ప్రతి క్యాబిన్‌కీ మూడు షిఫ్టుల మనుషులు కావాలి. పట్టా పక్కనే మోటారు పెట్టి, దానికి తీగ ద్వారా ఆజ్ఞ పంపడం యూరప్‌లో పందొమ్మిదో శతాబ్దం చివరికే మొదలైంది. సీమెన్స్ అండ్ హాల్‌స్కె కంపెనీ 1894లో మొరావియాలోని ప్రెరావ్ స్టేషన్‌లో కరెంటుతో నడిచే సిగ్నల్ క్యాబిన్ పెట్టింది. మన దగ్గరికి రావడానికి చాలాకాలం పట్టింది. ఈలోగా 1944లో బీఎన్నార్ ప్రభుత్వం చేతికి వెళ్లింది, 1952లో తూర్పు రైల్వేలో కలిసింది, 1955లో ఆగ్నేయ రైల్వే అయ్యింది. అయినా మా అయ్య మాత్రం రిటైరయ్యేదాకా తనది బీఎన్నారే అన్నాడు.

నేను సిగ్నల్ శాఖలో చేరేనాటికి క్యాబిన్లు ఇంకా ఉన్నాయి, మోటారు పాయింట్లూ వచ్చేశాయి. రెంటి మీదా పని నేర్చుకునే అదృష్టం మా తరానికి దక్కింది.

పాయింట్ మెషిన్ మూత తీసి చూపిస్తే చాలామంది ఇంత చిన్న మోటారా అంటారు. 110 వోల్టుల డి.సి. బ్యాటరీలతో నడిచే మోటారు. లోపల రెండు ఫీల్డు వైండింగులు, ఒకటి ఇటు తిప్పడానికి, ఒకటి అటు. మోటారు వేగంగా తిరుగుతుంది, పళ్లచక్రాలు ఆ వేగాన్ని తగ్గించి బలంగా మారుస్తాయి. తరవాత ఫ్రిక్షన్ క్లచ్. ఆ తరవాత అసలు పని, అది మూడు అంకాల్లో జరుగుతుంది. ముందు పాత తాళం ఊడుతుంది, మధ్యలో టంగ్ జరుగుతుంది, చివర కొత్త తాళం పడుతుంది. మొత్తం కొన్ని సెకన్లు. తాళం పడ్డాక లోపలి కాంటాక్టులు మోటారుకి కరెంటు ఆపేస్తాయి. కరెంటు ఆగినా మోటారు వెంటనే ఆగదు, ఊపులో ఉంటుంది. ఆ ఊపుని క్లచ్ జారి మింగేస్తుంది, లేకపోతే పళ్లు విరుగుతాయి.

మన రైల్వేల్లో ఏళ్ల తరబడి వాడిన మెషిన్‌లో టంగ్‌ని తోసే త్రో బార్ కదిలే దూరం 143 మిల్లీమీటర్లు. టంగ్ కదలాల్సింది 115. మిగిలిన 28 ఎటుపోయింది? ఆ బార్‌ని టంగ్‌కి కలిపే త్రో రాడ్డు మీద నట్ల మధ్య కావాలనే సందు వదులుతారు. మెషిన్ ముందు తన తాళం విప్పుకునేదాకా ఆ సందులో రాడ్డు ఖాళీగా జరుగుతుంది, ఆ తరవాతే టంగ్‌ని పట్టుకుంటుంది. కొత్తగా వచ్చిన పిల్లలకి నేను ముందు చూపించేది ఈ 28. మోటారు ఎంత తిరిగిందో లెక్కపెట్టి పట్టా ఎక్కడుందో చెప్పెయ్యొచ్చు అనుకునేవాడికి ఆ సందే జవాబు. నట్టు వదులైతే సందు పెరుగుతుంది, మెషిన్ తన 143 కదిలే ఉంటుంది, టంగ్ మాత్రం వెనకబడి ఉంటుంది. రాడ్డు విరిగితే మెషిన్ పూర్తిగా కదిలి తాళం కూడా వేసుకుంటుంది, టంగ్ అసలు కదలదు.

అందుకే త్రో రాడ్డు కాకుండా రెండు టంగులకీ విడివిడిగా డిటెక్షన్ రాడ్లు కడతారు. అవి తోయవు, లాగవు. టంగ్ ఎటు వెళ్తే అటు వెళ్లి, మెషిన్ లోపలున్న స్లైడ్లని కదుపుతాయి. స్లైడ్లలో గాడులు, ఆ గాడుల్లో కాంటాక్టులు పడతాయి. టంగులు రెండూ ఉండాల్సిన చోట ఉండి, తాళం కూడా పడితేనే కాంటాక్టు కలుస్తుంది, కేబుల్ గుండా కరెంటు రిలే గదికి చేరుతుంది, అక్కడ 'నార్మల్' (మామూలు దారి) అనో 'రివర్స్' (మళ్లే దారి) అనో రిలే, అంటే కరెంటు అందగానే లేచే స్విచ్చు, లేస్తుంది. ఏది తేడా ఉన్నా ఏ రిలే లేవదు. సిగ్నల్ ఇచ్చే గదిలోని ప్యానెల్ మీద ఆ పాయింట్ దీపం కొట్టుకుంటూ ఉంటుంది, సిగ్నల్ ఎర్రగా ఉండిపోతుంది. చూడండి, మా అయ్య నాటి గాడులే ఇవి. ఇనుప తీగ పోయి రాగి తీగ వచ్చింది, అంతే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష చెప్తాను. అబ్‌స్ట్రక్షన్ టెస్ట్. జేబులో పట్టే 5 మిల్లీమీటర్ల మందం ఇనుప ముక్క ఒకటి ఉంటుంది. టంగ్ కొన నుంచి 150 మిల్లీమీటర్ల దగ్గర, టంగ్‌కీ స్టాక్ రైలుకీ మధ్య దాన్ని పెట్టి పాయింట్ తిప్పమని ఫోన్‌లో చెప్పాలి. టంగ్ వచ్చి ముక్కని నొక్కుతుంది, ఆగిపోతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, క్లచ్ జారుతున్న చప్పుడు వినిపిస్తుంది, అమ్మీటర్‌లో కరెంటు పెరుగుతుంది. మామూలుగా తిరిగేటప్పటి కరెంటుకి ఒకటిన్నర రెట్లకీ రెండు రెట్లకీ మధ్య ఉండాలి. తక్కువైతే క్లచ్ మరీ వదులు, వానాకాలంలో బురద పట్టిన టంగ్‌ని లాగలేదు. ఎక్కువైతే మరీ బిగుతు, అడ్డం ఉన్నా బలవంతంగా నెట్టేస్తుంది. తాళం పడకూడదు. ప్యానెల్ మీద పాయింట్ పెట్టినట్టు చూపించకూడదు. ఈ మూడూ జరిగితేనే మెషిన్ నిజం చెప్తోందని లెక్క. మంచి మెషిన్ అంటే టంగ్‌ని కదిపేది కాదు, కదపలేనప్పుడు కదపలేదని ఒప్పుకునేది.

యార్డులో ఇనుప ముక్క పెట్టేది మనిషే కానక్కర్లేదు. ఖనిజం బండి నుంచి రాలిన గుండు, కంకర రాయి, బోల్టు, ఏదైనా ఆ సందులోకి దూరొచ్చు. వానాకాలం రాత్రుళ్లు నిమ్‌పురాలో ఫెయిల్యూర్ ఫోన్ వస్తే చాలాసార్లు కారణం అదే. టార్చి లైటు, గునపం, గ్రాఫైటు పూసిన గుడ్డ, మెషిన్ తాళం చెవి, క్రాంక్ హ్యాండిల్ పట్టుకుని వెళ్లేవాళ్లం. క్రాంక్ హ్యాండిల్ మెషిన్‌లో దూర్చగానే మోటారుకి కరెంటు తెగిపోతుంది. మనిషి చేత్తో తిప్పుతుంటే పైనుంచి ఎవరో బటన్ నొక్కి చెయ్యి విరగ్గొట్టకుండా చేసిన ఏర్పాటు. చేత్తో పెట్టిన పాయింట్‌కి క్లాంపు బిగించి తాళం వేసి బండిని మెల్లగా పంపిస్తారు. పట్టాల పక్కన కేబుళ్లు కలిసే లొకేషన్ బాక్సుల్లో బల్లులు, చీమల పుట్టలు, ఒక్కోసారి పాములు. బాక్సు తెరిచే ముందు మూత మీద కొట్టి, క్షణం ఆగి తెరవాలని సీనియర్లు నేర్పారు. 1960లలో ఇటు కరెంటు బళ్లు వచ్చాయి కదా, పైనున్న 25 వేల వోల్టుల తీగ కింది కేబుళ్లలోకి దొంగ కరెంటు ఎక్కిస్తుంది. దానికి తిరగని మోటార్లు, లేవని రిలేలు వేరే పెట్టాల్సొచ్చింది. ఆ సంగతి చెప్పాలంటే ఇంకో వ్యాసం అవుతుంది.

సికింద్రాబాద్‌లో 1957 నుంచి సిగ్నల్ ఇంజనీర్లకి శిక్షణ ఇచ్చే ఇరిసెట్ ఉంది. ఆ ఊళ్లోనే మెట్టుగూడ వర్క్‌షాపులో పాయింట్ మెషిన్లు తయారవుతాయి. నేను ఇరిసెట్‌కి శిక్షణకి వెళ్లినప్పుడు అక్కడ ఒక పాయింట్ మెషిన్‌ని మధ్యకి కోసి పెట్టారు, చక్రం చక్రం కనపడేలా. పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్‌లో కాబట్టి నా తెలుగులో హిందీ, బెంగాలీ కలిసిపోయి ఉంటాయి. తోటి శిక్షణార్థులు నన్ను "బెంగాలీ గారూ" అని పిలిచేవారు. కానీ ఆ మెషిన్ ముందు అందరం ఒకే భాష మాట్లాడాం: డిటెక్షన్ వస్తోందా, లేదా?

2017 నవంబర్‌లో ఖరగ్‌పూర్ స్టేషన్‌కి ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వచ్చింది. 800 రూట్లు, ఆసియాలోనే అతి పెద్దదని రైల్వే ప్రకటించింది. అంటే బండి ఒక సిగ్నల్ నుంచి ఇంకో సిగ్నల్‌కి వెళ్లగల దారులు 800, వాటన్నిటినీ కంప్యూటర్ పరిశీలించి ఇవ్వాలి. పాత రిలే గదిలో ఒక రూట్ పెడితే వరసగా రిలేలు పడే టకటక చప్పుడు వినిపించేది. చెవితోనే ఏది లేవలేదో చెప్పగల మేస్త్రీలుండేవాళ్లు. కొత్త గదిలో ఏసీ చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. నేను పాతదాన్ని తలుచుకుని బాధపడేవాణ్ణి కాను. కంప్యూటర్ అలసిపోదు, లెక్క తప్పదు. కానీ 800 రూట్ల కంప్యూటర్‌కైనా పట్టా మీద కన్ను లేదు. మెషిన్‌లోని ఆ కాంటాక్టు, అక్కణ్ణుంచి వచ్చే ఆ తీగ, ఇవే దానికి కళ్లు. తీగ అబద్ధం చెప్తే కంప్యూటర్ ఆ అబద్ధాన్నే లెక్క తప్పకుండా నమ్ముతుంది.

అదే జరిగింది. 2023 జూన్ 2, సాయంత్రం ఏడు కావస్తుండగా, మా ఖరగ్‌పూర్ డివిజన్‌లోనే, బాలాసోర్ దాటాక బహానగా బజార్ స్టేషన్‌లో. షాలిమార్ నుంచి చెన్నై వెళ్లే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కి మెయిన్ లైను మీద ఆకుపచ్చ సిగ్నల్ ఉంది. 17ఎ/బి పాయింట్లు మాత్రం లూప్ లైను వైపు పెట్టి ఉన్నాయి. గంటకి 128 కిలోమీటర్ల వేగంతో బండి లూప్‌లోకి మళ్లి, అక్కడ నిలబడి ఉన్న ఇనుప ఖనిజం గూడ్సుని ఢీకొట్టింది. ఎగిరిపడ్డ పెట్టెలు పక్క లైను మీద వెళ్తున్న బెంగళూరు–హౌరా ఎక్స్‌ప్రెస్ చివరి పెట్టెలకి తగిలాయి. 290 మందికి పైగా చనిపోయారు. నిమ్‌పురాలో తెలుగు వాళ్ల ఇళ్లలో కోరమాండల్ ఎక్కని ఇల్లు లేదు. వైజాగ్ పెళ్లికి, రాజమండ్రి పుష్కరాలకి, ఊళ్లో చావుకి, అన్నిటికీ ఆ బండే. ఆ రాత్రి ఎవరి ఇంట్లోనూ ఫోన్ కింద పెట్టలేదు.

మెషిన్ తప్పేమీ లేదు. మోటారు తనకి అందిన ఆజ్ఞ ప్రకారం పాయింట్‌ని లూప్ వైపు పెట్టింది, తాళం వేసింది. డ్రైవర్ తప్పు లేదు, ఆయన చూసింది ఆకుపచ్చ. రైల్వే సేఫ్టీ కమిషనర్ విచారణలో తేలింది ఇది: స్టేషన్ ఉత్తరం వైపు గుమ్టీలో, అంటే సిగ్నల్ పరికరాలుండే చిన్న గదిలో, అంతకుముందెప్పుడో సిగ్నల్ సర్క్యూట్ మార్చినప్పుడు జరిగిన లోపాలు, 94వ నంబరు లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర ఎలక్ట్రిక్ బ్యారియర్ మార్చే పనిలో జరిగిన లోపాలు. లొకేషన్ బాక్సులో తీగల మీద పేర్లు తప్పుగా ఉన్నాయి, ఏళ్ల తరబడి ఎవరి కంటా పడలేదు. పాయింట్ లూప్ వైపు ఉంటే, ఇంటర్‌లాకింగ్‌కి మెయిన్ వైపు ఉన్నట్టు అందింది. ఇదే డివిజన్‌లో బాంక్రానయాబాజ్ దగ్గర 2022 మే 16న తప్పు వైరింగ్ వల్ల, కేబుల్ లోపం వల్ల ఇలాంటి ఘటనే జరిగిందనీ, అప్పుడే సరిదిద్దుకుని ఉంటే బహానగా జరిగేది కాదనీ ఆ నివేదికే చెప్పింది. ఆ వాక్యం చదివాక నేను చాలాసేపు ఏ పనీ చెయ్యలేకపోయాను.

మన దేశానికే పరిమితమైన జబ్బు కాదిది. 1988 డిసెంబర్ 12న లండన్‌లోని క్లాపమ్ జంక్షన్ దగ్గర 35 మంది చనిపోయారు. కొత్త వైరింగ్ చేసిన పనివాడు ఒక పాత తీగని కత్తిరించకుండా, కొనకి టేపు చుట్టకుండా వదిలేశాడు. అది కాంటాక్టుకి తగిలి, బండి ఉన్న లైనుకి సిగ్నల్ ఇచ్చింది. పని చేసినవాడు కాక వేరే మనిషి తీగలు లెక్కపెట్టి చూడాలి, ఎవరూ చూడలేదు. న్యాయవాది ఆంథొనీ హిడెన్ విచారణ తరవాత బ్రిటన్‌లో సిగ్నల్ పరీక్షల పద్ధతే మారిపోయింది. పాయింట్ దగ్గర ఇనుము చెప్పే నిజం గదిలోని దీపం దాకా చేరడానికి మధ్యలో వందల స్క్రూలుంటాయి. ఏ స్క్రూ కింద ఏ తీగ ఉందో తెలియకపోతే ఇంత యంత్రమూ వృథా.

మన దగ్గర దీనికి పద్ధతి లేదా అంటే, ఉంది. పాయింట్ మీద చెయ్యి వెయ్యాలంటే ముందు స్టేషన్ మాస్టర్‌కి టి/351 ఫారం మీద డిస్‌కనెక్షన్ మెమో ఇవ్వాలి. ఆయన సంతకం పెట్టాక ఆ పాయింట్ సిగ్నల్ వ్యవస్థలో లేనట్టే. పని అయ్యాక పరీక్షించి, రీకనెక్షన్ ఇవ్వాలి. రిలే గదికి రెండు తాళాలు, ఒకటి స్టేషన్ మాస్టర్ దగ్గర, ఒకటి సిగ్నల్ మెయింటైనర్ దగ్గర. ఒక్కరే లోపలికి వెళ్లలేరు. తీగ ముట్టుకున్నాక కరెస్పాండెన్స్ టెస్ట్ చెయ్యాలి. ఒకడు ప్యానెల్ దగ్గర, ఒకడు పాయింట్ దగ్గర, మధ్యలో ఫోన్. "ప్యానెల్‌లో నార్మల్ వచ్చింది, సైట్‌లో ఎటుంది?" "సైట్‌లో నార్మల్, టంగ్ అతుక్కుంది." "రివర్స్ పెడుతున్నా, చూడు." ఇలా ప్రతి పాయింట్‌కీ. మా అయ్య క్యాబిన్ కుర్రాణ్ణి ఎండలోకి పంపింది ఇందుకే. ఒక పాయింట్‌కి ఇది పెద్ద పని కాదు. కానీ బళ్లు వరసగా కాచుకుని ఉన్నప్పుడు, కంట్రోల్ నుంచి ఫోన్ మీద ఫోన్ వస్తున్నప్పుడు, ముందు ఎగిరిపోయేది ఆ నడకే. ఆ కొద్ది సమయం సిగ్నల్ మనిషి హక్కని నేను గట్టిగా నమ్ముతాను. దాన్ని దబాయించి తీసుకునే అధికారం ఎవరికీ ఉండకూడదు.

ఇప్పుడు అందరూ కవచ్ గురించి మాట్లాడుతున్నారు. అది వస్తే నాకూ సంతోషమే. హైదరాబాద్ కంపెనీలు తయారుచేశాయి, తెలంగాణలో లింగంపల్లి–వికారాబాద్ మార్గంలో పరీక్షలు జరిగాయి, దక్షిణ మధ్య రైల్వేలో వెయ్యి కిలోమీటర్లకి పైగా పెట్టారు. డ్రైవర్ ఎర్ర సిగ్నల్ దాటబోతే బండిని అదే ఆపుతుంది, ఎన్నో ప్రాణాలు కాపాడుతుంది. కానీ బహానగాలో కవచ్ ఉన్నా ఆగేది కాదు. సిగ్నల్ ఏ రంగో, దారి ఎటో కవచ్ తెలుసుకునేది స్టేషన్ ఇంటర్‌లాకింగ్ నుంచే. ఇంటర్‌లాకింగ్ తెలుసుకునేది తీగ నుంచి. తీగ తెలుసుకునేది మెషిన్‌లోని కాంటాక్టు నుంచి, కాంటాక్టు తెలుసుకునేది టంగ్‌కి కట్టిన డిటెక్షన్ రాడ్డు నుంచి. ఎన్ని తెలివైన యంత్రాలు పైన పేర్చినా అడుగున సాక్షి ఆ రాడ్డొక్కటే.

ఇప్పుడు వేగాలు పెరిగిన లైన్ల మీద థిక్ వెబ్ స్విచ్‌లు వేస్తున్నారు. టంగ్ రైలు మందంగా, బరువుగా ఉంటుంది కాబట్టి పాత 143 మెషిన్ సరిపోదు, 220 మిల్లీమీటర్లు కదిలే కొత్త మెషిన్లు పెడుతున్నారు. తాళం కూడా మెషిన్ లోపలే కాక, పట్టా దగ్గర టంగ్‌నే స్టాక్ రైలుకి బిగించేలా బయట పడుతుంది. ఇది మంచి మార్పు. తాళం ఎంత టంగ్‌కి దగ్గరగా ఉంటే మధ్యలో విరగడానికి అంత తక్కువ ఇనుముంటుంది. నిమ్‌పురాలో మా వాళ్ల పిల్లలు కొందరు ఇప్పుడు ఈ శాఖలో ఉన్నారు. వాళ్లలో ఒకడు మొన్న సెలవులో వచ్చినప్పుడు కొత్త మెషిన్ బొమ్మ తన ఫోన్‌లో చూపించాడు. రెండు వేళ్లతో పెద్దది చేసి డిటెక్షన్ రాడ్లు ఎక్కడ కట్టారో చూశాను. తరవాత లొకేషన్ బాక్సు లోపలి ఫొటో అడిగాను. ప్రతి తీగ మీదా పేరుందా, ఆ పేరు డ్రాయింగ్‌తో సరిపోయిందా అని ఇద్దరం ఒక్కో టెర్మినలే చూసుకుంటూ వెళ్లాం. రెండు చోట్ల అక్షరాలు చెరిగిపోయి ఉన్నాయి. డ్యూటీకి వెళ్లగానే డిస్‌కనెక్షన్ తీసుకుని ఆ రెండూ మార్చి, కరెస్పాండెన్స్ టెస్ట్ చేసి నాకు ఫోన్ చెయ్యమన్నాను. చేస్తానన్నాడు, చేశాడు.